తనిఖీ మర్నాడు

"మీ వదినని మీరు కొట్టలేదు. అది నేను నమ్ముతున్నాను. కానీ నా దగ్గర ఏదో దాస్తున్నారు. అదే నాకు నచ్చడం లేదు," అన్నాను.

చక్రాల మాస్టారు తలెత్తలేదు. స్టేషన్‌లో లాకప్ పక్కనున్న ఇరుకు గదిలో, బల్లకి అవతల కూర్చుని గ్రీజు ఇంకిపోయిన తన వేళ్ళనే చూసుకుంటున్నాడు. నడవలేనివాళ్ళకి చక్రాల కుర్చీలు బాగుచేసి, కొలత ప్రకారం బిగించి ఇచ్చే చిన్న సంస్థ ఆయనది. ఆ వర్క్‌షాపులోనే నిన్న సాయంత్రం ఆయన వదిన తల పగిలి పడి ఉంది. చుట్టుపక్కలవాళ్ళు వచ్చేసరికి ఆమె తల ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నది ఈయనే. పోలీసులకి అంతకంటే ఏం కావాలి? ఇవాళ ఐదింటికి కోర్టుకి తీసుకెళ్తారు. అక్కణ్ణించి జైలుకి. ఈలోపు నేను ఏదో ఒకటి తేల్చకపోతే, ఆయన భార్య నా మీద పెట్టుకున్న నమ్మకం గంగపాలే.

ఆ వదినని ఊరంతా గ్రాంటక్క అంటుంది. ఏ ఫౌండేషన్ ఏ పనికి డబ్బిస్తుంది, ఎవరికి చచ్చినా ఇవ్వదు, ఏ నెలలో అడగాలి, ఎలా అడగాలి అని వెతికి వెతికి చిన్న చిన్న సేవాసంస్థలకి చెప్పడం ఆమె పని. ఆశపడి వచ్చినవాళ్ళకి మొహం మీదే చెప్పేదట, వాళ్ళిచ్చే డబ్బు కోసం మీ పని మార్చుకోకండి, మీ పనికి సరిపడేవాళ్ళని వెతుకుదాం, కాస్త ఓపిక పట్టండని. ఆమె ఒక సంస్థ పేరు చెప్పిందంటే ఫౌండేషన్ వాళ్ళు సగం సంతకం పెట్టేసినట్టే. ముప్పయ్యేళ్ళుగా కూడబెట్టుకున్నది ఆ నమ్మకం ఒక్కటే.

సోమవారం నాడు వదినా మరిదీ వర్క్‌షాపు గుమ్మంలో నిలబడి వీధంతా వినేలా పోట్లాడుకున్నారు. ఒక పెద్ద ఫౌండేషన్ ఏడాదికి ఊరికి ఒక్క సంస్థనే తీసుకుంటుంది. గ్రాంటక్క ఈసారి సొంత మరిదిని కాదని నడక కేంద్రం పేరు రాసింది. పక్షవాతం వచ్చినవాళ్ళకి మళ్ళీ నడక నేర్పే సంస్థ అది. దాన్ని నడిపే ఆవిడని అందరూ పెద్దమేడం అంటారు. "మరిదివని నీ పేరు రాస్తే రేపు నా మాట ఎవరు వింటారు?" అని వదిన అడిగింది. "వర్క్‌షాపు మూతబడ్డ రోజు నువ్వే వచ్చి తాళం వెయ్యి," అన్నాడు మరిది. ఇన్‌స్పెక్టర్ చేతిలో ఉన్న కేసంతా ఆ ఒక్క మాట మీదే నిలబడింది.

నిన్న మూడింటికి ఒక కుర్చీ అప్పగించడానికి బయటికి వెళ్ళానని, ఐదు దాటాక తిరిగొచ్చానని, వెనక తలుపు ఎప్పుడూ గడియ మాత్రమే వేసి ఉంటుందని మాస్టారు చెప్పాడు. ఇవన్నీ తడుముకోకుండానే చెప్పాడు. తిరిగొచ్చాక వర్క్‌షాపులో ఏదైనా మారినట్టు కనిపించిందా అని అడిగేసరికి మాత్రం నీళ్ళు నమిలాడు.

"మీ వదినకి తెలివొస్తే ఆవిడే చెప్తుంది కదా," అన్నాను.

ఆయన కళ్ళలో మొదటిసారి భయం కనిపించింది. "వదిన బతికితే చాలండీ. మిగతాది అడక్కండి. ఆ తర్వాత ఆవిడ నా మొహం చూసినా చూడకపోయినా సరే," అన్నాడు.

చెయ్యనివాడికి ఈ సిగ్గెందుకు? నాకు ఒళ్ళు మండింది. లేచి వచ్చేశాను.

*

వర్క్‌షాపు దగ్గర మాస్టారి భార్య తాళాలు పట్టుకుని నిలబడి ఉంది. కళ్ళు వాచి ఉన్నాయి. రాత్రంతా నర్సింగ్ హోంలో తోటికోడలి మంచం పక్కనే కూర్చుందట. పొద్దున గ్రాంటక్క ఒకసారి కళ్ళు తెరిచిందని, సాయంత్రానికి మాట్లాడొచ్చని డాక్టరు చెప్పాడని అంది. మరి ఆమెని ఒంటరిగా వదిలేసి వచ్చావా అని అడిగాను.

"అయ్యో, లేదండీ. పెద్దమేడం గారు వచ్చి కూర్చున్నారు. నువ్వెళ్ళి నీ మొగుడి సంగతి చూసుకో, మీ అక్క నాకూ అక్కే అన్నారు. ఆవిడే లేకపోతే నేనిప్పుడు ఇక్కడికి రాగలిగేదాన్నా?"

అప్పుడు నేను తలూపి లోపలికి నడిచాను. ఆ తలూపడం తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే కోపం వస్తుంది.

ఇన్‌స్పెక్టర్ అప్పటికే లోపల ఉన్నాడు. నేనొస్తున్నానని తెలిసి కావాలనే వచ్చి ఉంటాడు. మా ఇద్దరికీ పాత వైరం. నేను పదేళ్ళు బీమా కంపెనీలో క్లెయిములు తనిఖీ చేసి ఈ ప్రైవేటు డిటెక్టివ్ వృత్తిలోకి వచ్చానని ఆయనకి తెలుసు. ఆ సంగతి ఎత్తకుండా నన్ను పలకరించడం ఆయనకి చేతకాదు.

"రండి మేడం గారూ. ఇక్కడ కాలిపోయిన సామానేమీ లేదు మరి, దేన్ని లెక్క కడతారో," అన్నాడు.

"మీ తొందరని కడతాను. దానికి ఎవరూ బీమా ఇవ్వరు."

ఆయన నవ్వలేదు. ముద్దాయి లాకప్‌లో ఉన్నాడు కాబట్టి నర్సింగ్ హోం దగ్గర కాపలా ఉన్న కానిస్టేబుల్‌ని కూడా మధ్యాహ్నం వెనక్కి పిలిపించేశానని, నేనూ ఇంటికెళ్ళి విశ్రాంతి తీసుకోవచ్చని సలహా ఇచ్చాడు.

నేను గది చూశాను. పొడుగాటి హాలు. ఒక పక్క కమ్మీలు కోసే మిషను, పనిబల్ల, గోడకి వేలాడుతున్న టైర్లు. ఇంకో పక్క గోడ పొడుగునా చక్రాల కుర్చీలు. నేలంతా ఇనుపరజను. దాని మీద గ్రీజు, దాని మీద మళ్ళీ రజను. ఏళ్ళ తరబడి తొక్కి తొక్కి నల్లగా జిడ్డుదేరిన నేల. గ్రాంటక్క పడి ఉన్న చోట సుద్దతో గీసిన గీత ఉంది. ఆ గీత లోపల రక్తపు మరక అరచేతంత కూడా లేదు.

తల వెనక అంత లోతు దెబ్బ తగిలితే రక్తం ఇంతేనా అని అడిగాను. కొంగు పీల్చుకుందన్నాడు ఇన్‌స్పెక్టర్. కొంగు ఎంత తడిసిందో చూశారా అంటే, కేసు డైరీలో ఉంది అన్నాడు. డైరీలో ఏముందో మాత్రం చెప్పలేదు.

"ఆమె చెప్పులు ఎక్కడున్నాయి?"

"జీపులో. సంచిలో కట్టి పెట్టాం. ఎందుకు?"

"తెప్పించండి."

ఏమనుకున్నాడో, విసుక్కుంటూనే తెప్పించాడు. పారదర్శకంగా ఉన్న సంచిలో గోధుమరంగు చెప్పులు. నేను సంచిని తిరగేసి అడుగుభాగం చూశాను. కాస్త ఎర్రమట్టి, కాస్త దుమ్ము. అంతకుమించి ఏమీ లేదు.

"ఇప్పుడు మీ బూటు ఎత్తండి," అన్నాను.

"ఏమిటీ?"

"ఎత్తండి ఇన్‌స్పెక్టర్ గారూ. మీ పరువేం పోదు."

ఆయన నా వంక కొరకొర చూసి, గోడ పట్టుకుని బూటు ఎత్తాడు. అడుగంతా నల్లగా, ఇనుపరజను మెరుస్తూ ఉంది. నా చెప్పులూ తీసి చూపించాను. లోపలికి వచ్చి పది నిమిషాలు కాలేదు, అప్పుడే మసిబొగ్గులా ఉన్నాయి.

"గుమ్మం నుంచి ఆ గీత దాకా ఇరవై అడుగులు ఉంటుంది. ఆమె గాల్లో తేలుతూ వచ్చిందా? ఈ నేల మీద ఆమె ఒక్క అడుగు కూడా వెయ్యలేదు. ఎక్కడో కొట్టారు. చచ్చిపోయిందనుకుని ఇక్కడికి తెచ్చి పడేశారు."

ఇన్‌స్పెక్టర్ బూటు దించాడు. ఆ తర్వాత మాస్టారే మోసుకొచ్చి ఉండొచ్చు కదా అన్నాడు. తనది కాని చోట కొట్టి, తన వర్క్‌షాపుకే మోసుకొచ్చి, పోలీసులు వచ్చేదాకా ఒళ్ళో పెట్టుకుని కూర్చునేంత తెలివితక్కువవాడు ఎవడుంటాడని అడిగాను. పట్టపగలు వీధిలోంచి ఒక మనిషిని ఎవరికీ తెలియకుండా ఎలా తెస్తారని ఆయన ఎదురడిగాడు. అది మంచి ప్రశ్నే. మంచి ప్రశ్న ఆయన నోటి నుంచి రావడం నాకు కొంచెం కష్టంగానే అనిపించింది.

జవాబు గోడ వెంబడి వరసగా నిలబడి ఉంది.

"ఈ వీధిలో చక్రాల కుర్చీలో మనిషి పోతుంటే ఎవరైనా తలెత్తి చూస్తారా?" అన్నాను. "రోజూ ఎంతమంది వస్తారు, పోతారు. ఒక దుప్పటి కప్పి, తల ఓ పక్కకి వాల్చి నెట్టుకొస్తే పాపం ఎవరో రోగి అనుకుంటారు. పక్కకి జరిగి దారి కూడా ఇస్తారు."

నేను కుర్చీల వరస దగ్గరికి వెళ్ళాను. ప్రతి కుర్చీ వెనకా ఒక చిన్న రేకు ముక్క బిగించి ఉంది, దాని మీద దాత పేరు. ఏ సేవాసంస్థకి వెళ్ళినా ఇంతే. ఫ్యాను రెక్కల మీద ఒకరి పేరు, బీరువా మీద ఇంకొకరి పేరు. ఇచ్చినవాళ్ళకి తమ పేరు కనబడాలి. పక్కవాళ్ళ పేరు మాత్రం కంటబడకూడదు. ఆ సంస్థ తమ చేతి మీదే నడుస్తోందని ప్రతి దాతకీ ఒక నమ్మకం. అందుకే కొత్త దాత తనిఖీకి వచ్చే రోజున పాత దాత పేరు మీద ఓ పూలకుండీ వచ్చి కూర్చుంటుంది. మనుషులు తనిఖీకి ఇల్లు ఎలా సర్దుతారో పదేళ్ళు చూసినదాన్ని, నాకు అది వింత కాదు.

ఇక్కడ మాత్రం అన్ని పేర్లూ బాహాటంగా కనబడుతున్నాయి. ఒక్క కుర్చీకి తప్ప. చివరనుంచి రెండోది, నీలం రంగు కుర్చీ. దాని వెనక రేకు లేదు అనుకున్నాను మొదట. వంగి చూస్తే ఉంది. గుడ్డ రంగులో కలిసిపోయేలా నీలం టేపు అంటించారు, చాలా శ్రద్ధగా, అంచులు కత్తిరించి మరీ. టేపు ఒక మూల మాత్రం ఎవరో గోటితో పైకి లేపినట్టుంది. మళ్ళీ అదిమారు. ఆ మూల సరిగ్గా అతుక్కోలేదు.

మాస్టారి భార్యని పిలిచాను. ఈ టేపు ఎవరు అంటించారని అడిగాను.

ఆమె కుర్చీని చూడగానే కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఇది ఇక్కడికి ఎప్పుడు వచ్చింది?" అంది.

"అదేమిటి? మీదేగా?"

"మాదే. కానీ..." అని ఆగిపోయింది. ఇన్‌స్పెక్టర్ వైపు చూసింది. నా వైపు చూసింది.

మీ ఆయన స్టేషన్లో నాకు చెప్పనిది ఇదేనా అని అడిగాను. చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నాడంది. ఐదు గంటలు కొట్టాక నీ ఒట్టు ఎవరికీ అక్కరకి రాదు, ఆ తర్వాత మీ ఆయన్ని జైలు కటకటాల్లోంచి చూడాలి అన్నాను. కటువుగానే అన్నాను. ఆమె ఏడవలేదు. టేపు మీద చెయ్యి వేసి, ఒక్క లాగుడుతో పీకేసింది.

టేపు కింద రేకు మీద ఒక పేరు, దాని కింద 'జ్ఞాపకార్థం' అని ఉంది.

"మా బావగారండీ. అక్క భర్త. ఆయన పోయాక ఈ వర్క్‌షాపు మొదలుపెట్టినప్పుడు అక్క ఆయన పేరు మీద ఆరు కుర్చీలిచ్చింది. అన్నీ నీలంవే. ఆదివారం పెద్దమేడం గారు వచ్చి ఆరూ పట్టుకెళ్ళారు. మంగళవారం వాళ్ళకి ఫౌండేషన్ తనిఖీ ఉందని. శుక్రవారానికి తెచ్చిస్తామన్నారు."

"పట్టుకెళ్ళడమంటే? బాగుచేయించుకోవడానికా?"

"చూపించుకోవడానికి." ఆమె నేల చూపులు చూసింది. "అందరూ చేస్తారండీ. వాళ్ళ తనిఖీకి మావి వెళ్తాయి, మా తనిఖీకి వాళ్ళవి వస్తాయి. సామాను తక్కువుంటే చిన్నచూపు చూస్తారని. ఈ సంగతి బయటపడితే మాకిక ఎవరూ పైసా ఇవ్వరు. ఫౌండేషన్ వాళ్ళ సంగతి అలా ఉంచండి, అక్క మమ్మల్ని గడప తొక్కనివ్వదు. బావగారి పేరు మీద టేపు వేయించి ఆ కుర్చీల్ని నాటకానికి పంపానని అక్కకి ఏ మొహం పెట్టుకుని చెప్పనని ఆయన బాధ. దానికంటే జైలే నయమన్నారు."

ఆ పిచ్చిమనిషి మీద నాకు జాలి వేసింది. చిన్న తప్పు దాచడానికి పెద్ద నేరాన్ని నెత్తిన వేసుకున్నాడు.

ఇన్‌స్పెక్టర్ ఇప్పుడు నా పక్కనే నిలబడ్డాడు. శుక్రవారం రావాల్సిన కుర్చీ బుధవారమే ఎలా వచ్చిందని తనే అడిగాడు. మిగిలిన ఐదూ ఏవని అడిగాను. రాలేదంది ఆమె. ఒక్కటే వచ్చింది. ఎవరూ తెచ్చివ్వలేదు, ఎవరూ అందుకోలేదు.

"నిన్న మీ అక్క నడక కేంద్రానికి వెళ్ళిందా?" అని అడిగాను.

"తెలీదండీ. వెళ్ళే ఉంటుంది. తనిఖీ రోజున అక్క ఎక్కడికీ వెళ్ళదు. మర్నాడు వెళ్తుంది, చెప్పాపెట్టకుండా. చుట్టాలు వస్తున్నారంటే ఎవరైనా ఇల్లు సర్దుతారు, చుట్టాలు వెళ్ళాక ఎలా ఉంటుందో చూడాలి అంటుంది. తను పేరు రాసిన ఏ సంస్థకైనా సరే, మర్నాడు వెళ్ళాల్సిందే. అది అక్క పద్ధతి."

మంగళవారం తనిఖీ. బుధవారం మర్నాడు. నడక కేంద్రం ఈ వర్క్‌షాపు వెనక సందులోనే ఉంది. నాకు అంతా కళ్ళకి కట్టినట్టు కనిపించింది. మంగళవారం హాలు నిండా ఉన్న రోగులు బుధవారం లేరు. వాళ్ళనీ ఎక్కడినుంచో అరువు తెచ్చి ఉంటారు. ఖాళీ హాల్లో ఓ మూల ఆరు నీలం కుర్చీలు. తను ఎంచి ఇచ్చిన కుర్చీల్ని గ్రాంటక్క గుర్తుపట్టదా? దగ్గరికి వెళ్ళి వంగి, టేపు మూల గోటితో లేపి ఉంటుంది. కింద భర్త పేరు. తను నమ్మి పేరు రాసిన సంస్థ వట్టి బొమ్మలకొలువని ఆమెకి తెలిసిన క్షణం అది. ఆ వెంటనే ఫౌండేషన్‌కి ఫోను చేస్తానని ఉంటుంది. ఆమె అలాంటిది, ఊరుకోదు. ఆమె వెనక నిలబడి ఉన్న మనిషీ ఊరుకోలేదు.

ఆ తర్వాత అదే కుర్చీలో ఆమెని కూలేసి, వెనక సందులోంచి నెట్టుకొచ్చి, మరిది మీదికి నేరం పోయేలా ఇక్కడ దొర్లించారు. కుర్చీని కుర్చీల మధ్యే పెట్టారు. అంత ఆలోచించిన మనిషి టేపు తియ్యడం ఎలా మర్చిపోయింది? మర్చిపోలేదు. ఇంకొకరి పేరు కప్పడం అలవాటైపోయిన కంటికి ఆ టేపు కనిపించనే లేదు. దొంగైనా, హంతకుడైనా ఈ పొరపాటు చెయ్యడు. తనిఖీలకి ముస్తాబు చేసి చేసి అరిగిపోయిన మనిషి మాత్రమే చేస్తుంది.

"పెద్దమేడం," అన్నాడు ఇన్‌స్పెక్టర్ మెల్లగా. ఆయన గొంతులో మొదటిసారి వెటకారం లేదు. "ఎందుకు మేడం? ఆవిడకి ఊళ్ళో ఎంత పేరుంది."

"ఆ పేరు కోసమే."

మాస్టారి భార్య మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూస్తోంది. మేము అనుకుంటున్నది ఆమెకి మెల్లగా అర్థమైంది.

"నేనే కూర్చోబెట్టి వచ్చాను," అంది. "అక్క పక్కన నేనే కూర్చోబెట్టి వచ్చాను."

ఫోను తియ్యబోతే ఆమె చేతిలోంచి జారి కింద పడింది. నేను తీసి ఇచ్చాను. నర్సింగ్ హోం నంబరు నొక్కి అందరికీ వినబడేలా పెట్టింది. ఇన్‌స్పెక్టర్ అప్పటికే గుమ్మం దగ్గరికి వెళ్ళి జీపు తిప్పమని డ్రైవర్‌కి కేకేశాడు. ఫోను చాలాసేపు మోగింది. చివరికి నర్సు ఎత్తింది. ఎవరు మాట్లాడుతున్నదీ చెప్పి, అక్క ఎలా ఉందని అడిగింది ఈమె.

"బాగానే ఉన్నారండీ, ఇందాకే కళ్ళు తెరిచారు. స్కానింగ్‌కి తీసుకెళ్ళారు కదా."

"ఎవరు తీసుకెళ్ళారు?"

"పెద్దమేడం గారే. డాక్టరు గారితో మాట్లాడానన్నారు. బయటెక్కడో పెద్ద సెంటర్ అట. మా స్ట్రెచర్ ఖాళీ లేదంటే ఫర్వాలేదమ్మా, నేను కుర్చీ తెచ్చుకున్నాను అన్నారు."

నేను ఫోను అందుకున్నాను. ఎంతసేపయింది అని అడిగాను. ఇప్పుడే, పెద్దమేడం వ్యాను ఇంకా గేటు దాటిందో లేదో అంది నర్సు. పరిగెత్తుకెళ్ళి ఆపమన్నాను. ఎందుకో చెప్పలేదు, గేటు మూయించమని మాత్రం గట్టిగా చెప్పాను. ఆమె ఎవర్నో పిలిచి గేటు దగ్గరికి పంపడం వినబడింది. మళ్ళీ ఫోనులోకి వచ్చేసరికి ఆమె గొంతు మారిపోయింది.

"ఆ కుర్చీ ఏ రంగుది?" అని అడిగాను.

"నీలం కుర్చీ అండీ. వెనక ఏదో టేపు అంటించి ఉంది. కూర్చోబెడుతుంటే ఆవిడ దాన్ని పట్టుకుని గోళ్ళతో గీకడం మొదలుపెట్టారు. వదల్లేదు. మత్తులో ఉన్నారు కదా అని..." నర్సు ఒక్క క్షణం ఆగింది. "మేమే వేళ్ళు ఒక్కొక్కటీ విడదీసి కూర్చోబెట్టామండీ."